పన్నెండంగుళాల ఉక్కు: ఆకురాయి కథ

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ల మోత రోడ్డు మీదికే వినిపిస్తుంది. ఆకురాయి చప్పుడు వినాలంటే మాత్రం షెడ్డు లోపల బెంచి దాకా వెళ్లాలి. షాఫ్టుకూ పుల్లీకీ మధ్య గాడిలో ఇమిడే చిన్న ‘కీ’ ముక్కను చివరికి సరిపెట్టేది అదే. గాడికి నీలం రంగు పల్చగా పూసి, ముక్కను పెట్టి తీస్తారు. రంగు అంటిన చోటే కాస్త రాకి మళ్లీ పెట్టి చూస్తారు. ముక్క వదులైతే బండి లాగినప్పుడల్లా గాడిలో కొట్టుకుని దాన్ని తినేస్తుంది. అందుకే ఆ రెండు మూడు రాకుళ్లలోనే ఫిట్టరు పనితనమంతా ఉంటుంది.

ఆకురాయి మీద ప్రతి పన్నూ ఒక చిన్న ఉలి. ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు బరువు వేస్తే పన్ను మొద్దుబారుతుంది. పళ్ల సందుల్లో రజను ఇరుక్కుంటే నున్నటి లోహం మీద గీతలు పడతాయి. ముందుగా సుద్దముక్క రుద్దితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇనుమును కోయాలంటే ఇనుము కన్నా గట్టిదనం కావాలి. ఆ గట్టిదనం కర్బనం వల్ల వస్తుంది. ఒక శాతం దాటి కర్బనమున్న ఉక్కును ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే అది బిగుసుకుంటుంది. అంతకన్నా ఎక్కువ కర్బనమున్న ఉక్కును నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మనవాళ్లు మూసల్లో కరిగించి తీసేవారు. ఐరోపాలో 12వ శతాబ్దపు సన్యాసి థియోఫిలస్ మరో దారి రాసిపెట్టాడు: ఎద్దుకొమ్ము కాల్చిన పొడిలో ఉప్పు కలిపి, కాలుతున్న ఆకురాయి మీద చల్లమన్నాడు. కొమ్ములోని కర్బనం పళ్లకు పట్టేది.

అప్పట్లో పళ్లన్నీ సుత్తీ ఉలీతో ఒక్కొక్కటిగా కొట్టినవే. ఆ పనికి లియొనార్డో డావించి ఒక యంత్రం బొమ్మ గీశాడు. అయితే పెద్ద ఎత్తున యంత్రంతో కోసిన ఆకురాళ్లు రావడానికి 19వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. అమెరికాలో విలియం నికల్సన్ 1864లో ఆ పని మొదలుపెట్టాడు. ఇక్కడ నాకు అపురూపమనిపించే సంగతి ఒకటుంది. అచ్చంగా సమదూరంలో పడిన పళ్లు లోహం మీద అదిరి గాట్లు పెడతాయి. చేత్తో కొట్టిన పళ్ల దూరంలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులే ఆ అదురును ఆపేవి. చివరికి యంత్రానికీ ఆ హెచ్చుతగ్గులు నేర్పాల్సి వచ్చింది.

లేత్ లేని చోట చిన్న ఊచను డ్రిల్ మిషన్‌కు బిగించి తిప్పుతూ, దానికి ఆకురాయి ఆనించి గుండ్రంగా తీస్తారు. అరిగిన ఆకురాయి పళ్లను సానపట్టి చెరిపేస్తే మంచి స్క్రేపరు అవుతుంది. అయితే దాన్ని ఉలిగా మార్చి సుత్తితో కొట్టకండి. అంత బిరుసు ఉక్కు పెంకులై కంట్లోకి ఎగురుతుంది. దెబ్బ తినే పనిముట్లకు లారీ కమాను పట్టీయే తగిన ఉక్కు. పిడి లేని ఆకురాయిని అసలు పట్టుకోకండి. జారితే దాని మొన అరచేతిలో దిగుతుంది. ఒక కొయ్యపిడి కొని బిగించాకే పని మొదలుపెట్టండి.