ఆ గంట గడిచేదాకా

బళ్ళారి జిల్లాలో సిరుగుప్ప, కురుగోడు వైపు మిరప వేసిన ఏ ఇంటికైనా పంటకాలంలో వెళ్ళి చూడండి. వసారాలో స్ప్రేయరు ఉంటుంది. దాని పక్కనే సగం వాడిన పురుగుల మందు సీసాలు రెండు మూడు, అటక మీద పోయినేడాది మిగిలిన డబ్బా ఒకటి ఉంటాయి. అవి నిర్లక్ష్యంతో పెట్టినవి కావు. చిన్న సీసా కన్నా పెద్ద సీసా చౌకగా వస్తుంది, మిగిలింది పారబోయడానికి మనసొప్పదు, చేలో పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం. అందుకే మందు ఇంట్లోకి వస్తుంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప మీద పడినప్పుడు తుంగభద్రకు ఇటు కర్ణాటకలో, అటు ఆంధ్ర, తెలంగాణల్లో రైతులు మందు మీద మందు కొట్టారు. చాలామందికి పంట దక్కలేదు. చివరికి ఇంట్లో మిగిలినవి రెండే: అప్పు, మందు.

ఆ రెండూ ఒకే కప్పు కింద ఉండటమే ఈ వ్యాసం విషయం. అప్పు తీరడానికి ఏళ్ళు పట్టవచ్చు. మందును ఇంట్లోంచి తీసేయడానికి ఒక్క పూట చాలు. ఆ ఒక్క పనితో ప్రాణాలు నిలుస్తాయని ప్రపంచంలో చాలాచోట్ల రుజువైంది. ఎలా రుజువైందో, మన ఊళ్ళో ఏం చేయవచ్చో నిదానంగా చూద్దాం.

చావాలనుకున్నవాళ్ళను ఆపలేమా?

"చావాలనుకున్నోళ్ళని ఎవరాపగలరు? ఈ రోజు కాకపోతే రేపు" అన్న మాట మన ఊళ్ళలో తరచూ వినబడుతుంది. ఈ మాట తప్పు. ఈ తప్పు నమ్మకం వల్లే పక్కవాళ్ళు చేయగలిగింది కూడా చేయకుండా ఊరుకుంటారు.

ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడినవాళ్ళను వైద్యులు అడిగి తెలుసుకున్న సంగతులున్నాయి. ఆస్ట్రియాలో 82 మందితో మాట్లాడి 2009లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం మంది ఒకే రకంగా చెప్పారు. ఆ ఆలోచన పుట్టడానికీ ఆ పనికి పూనుకోవడానికీ మధ్య గడిచింది 10 నిమిషాలు, లేదా అంతకన్నా తక్కువ. బాధ నెలల తరబడి ఉండి ఉండవచ్చు. కానీ ప్రాణం మీదికి తెచ్చే ఉధృతి మాత్రం నిమిషాల్లో, గంటల్లో వచ్చి పోయేది.

ఆ ఉధృతిలో ఆపితే తర్వాత ఏమవుతుంది? అమెరికాలో గోల్డెన్ గేట్ వంతెన దగ్గర 1937 నుంచి 1971 వరకు చివరి క్షణంలో ఆపిన 515 మంది తర్వాత ఏమయ్యారో రిచర్డ్ సైడెన్ అనే ఆచార్యుడు వెతికి చూశారు. 1978లో ఆయన చెప్పిన లెక్క ప్రకారం వాళ్ళలో సుమారు 94 శాతం మంది అప్పటికి బతికే ఉన్నారు, లేదా సహజంగా కాలం చేశారు. ఒకసారి ప్రయత్నించి బతికినవాళ్ళలో పదింట తొమ్మిది మంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరని అనేక అధ్యయనాలను కలిపి చూసినవాళ్ళు కూడా తేల్చారు. మనసు మళ్ళుతుంది. అది మళ్ళేదాకా మనిషి ప్రాణంతో ఉండాలి, అంతే.

ఆ గంటలో చేతికి ఏది అందుతుందన్నదే చాలాసార్లు చావుబతుకులను తేలుస్తుంది.

శ్రీలంక చేసిన పని

మనలాగే వరి, కూరగాయలు పండించే దేశం శ్రీలంక. 1990ల్లో ప్రపంచంలోనే ఎక్కువ ఆత్మహత్యలు జరిగే దేశాల్లో అదొకటి. వాటిలో ఎక్కువ భాగం పురుగుల మందుల వల్లే. అక్కడి ప్రభుత్వం మనుషులకు అత్యంత ప్రమాదకరమైన రకాలను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. 1995లో పెద్ద నిషేధం వచ్చింది, 1998లో ఇంకొకటి, 2008 తర్వాత మరికొన్ని. 1995 తర్వాత పదేళ్ళలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. 2015 నాటికి 70 శాతం దాకా తగ్గింది. ఆ ఇరవై ఏళ్ళలో 93,000 ప్రాణాలు నిలిచాయని పరిశోధకుల అంచనా.

మందు లేకపోతే పంట పోతుందేమోనని మన రైతుకు వచ్చే సందేహమే అక్కడి రైతుకూ వచ్చింది. దిగుబడుల లెక్కలు తీసి చూస్తే నిషేధాల వల్ల వరి దిగుబడి పడిపోయిన జాడ కనబడలేదు. అదే పురుగును చంపి మనిషికి అంత ముప్పు తేని మందులు వాటి స్థానంలోకి వచ్చాయి.

మన దేశంలోనూ ఈ దారిలో అడుగులు పడ్డాయి. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. 2018లో కేంద్రం 18 మందుల మీద నిషేధం ప్రకటించింది. 2022 నవంబరులో వచ్చిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి ఈ మరణాలను 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. చేయాల్సింది ఇంకా చాలా ఉంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యలతో పోయారు. వాళ్ళలో 11,290 మంది సేద్యం మీద బతికే రైతులు, కూలీలు.

తాళం ఎక్కడ వేయాలి?

నిషేధం ప్రభుత్వం చేతిలో ఉంది. మరి ఊరి చేతిలో ఏముంది?

తమిళనాడు కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతంలో చెన్నైకి చెందిన 'స్నేహా' సంస్థ స్థాపకురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం ఒక ప్రయోగం చేసింది. రెండు ఊళ్ళలో బ్యాంకు లాకర్ల పద్ధతిలో మందుల గది కట్టించారు. ఒక్కో రైతుకు ఒక్కో అర, గదిని చూసుకోవడానికి ఒక మనిషి. చేనికి పోయేటప్పుడు మందు తీసుకోవడం, మిగిలింది తెచ్చి అక్కడే పెట్టడం. అలాంటి గది లేని ఊళ్ళతో పోలిస్తే ఈ ఊళ్ళలో మందు వల్ల జరిగే ప్రయత్నాలు, మరణాలు తగ్గాయని 2013లో ప్రచురించారు.

అయితే ఇంటింటికీ తాళం పెట్టె ఇచ్చినా సరిపోతుందా? శ్రీలంకలో 180 ఊళ్ళలో ఇది పెద్ద ఎత్తున చేసి చూశారు. 2017లో ఫలితం వచ్చింది. ఇంటి తాళం పెట్టెల వల్ల చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పెట్టె ఇంట్లోనే ఉంటుంది, తాళంచెవి ఆ ఇంటి మనిషి దగ్గరే ఉంటుంది, ఊళ్ళో అంగడి ఎలాగూ ఉంటుంది. ఈ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. మందు ఇల్లు దాటాలి, దానికీ మనిషికీ మధ్య ఇంకో మనిషి ఉండాలి.

తుపాకి ఉన్న ఇంట్లో

మన దేశంలో తుపాకి వల్ల జరిగే ఆత్మహత్యలు మందుతో పోలిస్తే చాలా తక్కువ. కానీ లైసెన్సు తుపాకులున్న ఇళ్ళు సరిహద్దు జిల్లాల్లో ఉన్నాయి. బ్యాంకుల ముందు కాపలా ఉండేవాళ్ళు, పోలీసులు, మాజీ సైనికులు ఉన్నారు. అక్కడ ప్రమాదం ఇంకా పెద్దది, ఎందుకంటే ఆసుపత్రికి చేర్చే వ్యవధి కూడా దొరకకపోవచ్చు.

దీనికి ఇజ్రాయెల్ సైన్యం అనుభవం చూడండి. యువ సైనికులు వారాంతంలో తుపాకితో ఇంటికి పోయేవాళ్ళు. 2006లో తుపాకి శిబిరంలోనే వదిలి వెళ్ళాలని నియమం మార్చారు. ఆ ఒక్క మార్పుతో ఆత్మహత్యలు సుమారు 40 శాతం తగ్గాయి. వారాంతంలో ఆగినవి మామూలు రోజుల్లోకి మళ్ళలేదు. అంటే ఆగినవాళ్ళు వేరే రోజు కోసం కాచుకుని కూర్చోలేదు.

మనకు ఈ ఏర్పాటు కొత్త కాదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోవడం బళ్ళారిలోనైనా అనంతపురంలోనైనా అందరూ ఎరిగినదే. ఎన్నికలు లేకపోయినా తుపాకిని స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో భద్రపరచడానికి చట్టంలో వీలుంది. ఇంట్లో ఒకరు తీవ్రమైన దిగులులో ఉంటే ఆ నాలుగు నెలలు తుపాకి బయట ఉండటం వల్ల పరువు పోదు.

దేశానికి దారి చూపిన జిల్లా

ఇలాంటివి మన జిల్లాలో సాగవని అనుకునేవాళ్ళకు ఒక సంగతి గుర్తు చేయాలి. జిల్లా స్థాయిలో మానసిక వైద్యం ఎలా అందించాలో దేశానికి నేర్పింది బళ్ళారే. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనా, జిల్లా అంతటా పల్లెలకు ఎలా చేర్చాలో తేలలేదు. 1985 నుంచి 1990 వరకు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆ ప్రయోగాన్ని బళ్ళారి జిల్లాలో చేసింది. మనోవైద్యులు లేని చోట ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకూ, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తకూ శిక్షణ ఇచ్చారు. నాలుగైదు ముఖ్యమైన మందులు కేంద్రాల్లోనే దొరికేలా చూశారు. 'బళ్ళారి నమూనా' అని పేరు పడిన ఆ పద్ధతి మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. తెలుగునాట మొదటి విడతలో అది మెదక్‌కు వచ్చింది. ఈ రోజు దేశంలో ఏ జిల్లా ఆసుపత్రిలో మానసిక విభాగం కనబడినా దాని వెనుక ఈ నేల అనుభవం ఉంది.

అడగడం ఎలా?

మనిషి మాటల్లో, నడతలో ముందుగా కొన్ని ఆనవాళ్ళు కనబడతాయి. నిద్ర పట్టకపోవడం, తిండి మానడం, తాగుడు పెరగడం, "నేనుండి ఎవరికి లాభం" అనడం, ఉన్నట్టుండి లెక్కలన్నీ అప్పజెప్పడం. అలాంటప్పుడు సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు, అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది.

ఒక తమ్ముడు తన అన్నతో ఇలా మాట్లాడవచ్చు: "అన్నా, రెండు రాత్రుల నుంచి నిద్ర పోలేదని వదిన చెప్పింది. ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ప్రాణం తీసుకోవాలని ఏమన్నా అనిపిస్తాందా?" అవునంటే తిట్టకూడదు, పిల్లల మీద ఒట్టు వేయించుకోకూడదు. "ఈ మాట నాతో చెప్పినావు, మంచి పని చేసినావు. నేనీ రాత్రి ఇక్కడే పండుకుంటా. వసారాలో మందు సీసాలు నేను మా ఇంటికి తీస్కపోతా, మందు కొట్టే రోజు నేనే తెస్తా. పొద్దున ఇద్దరం ఆసుపత్రికి పోదాం." ఇంతే. అప్పు గురించి, పంట గురించి ఆ రాత్రి తేల్చనక్కర్లేదు.

అప్పు తీర్చకుండా సీసా దాస్తే ఏం లాభమని అడిగేవాళ్ళున్నారు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ముందు స్టాప్‌లాగ్ దించి నీళ్ళు ఆపారు, కొత్త గేటు సంగతి తర్వాత చూశారు. మనిషి విషయంలోనూ వరస అదే. ముందు ప్రాణం నిలవాలి. అప్పువాళ్ళతో మాట్లాడటం, బీమా, వాయిదాలు అన్నీ ఆ తర్వాత బతికున్న మనిషితో కలిసి చేయాల్సిన పనులు.

రాత్రయినా పగలయినా 14416కు ఫోన్ చేయవచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్. డబ్బు కట్టనక్కర్లేదు. ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడే మన సరిహద్దు మనుషులకు ఇది బాగా పనికొస్తుంది. దుఃఖం ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పుకోవచ్చు, తెలుగూ ఉంది, కన్నడమూ ఉంది. ఇప్పటికే ప్రాణం మీదికి వచ్చి ఉంటే ఆలస్యం చేయకుండా 108 పిలవాలి.

కేసు భయం, తర్వాతి రోజులు

పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా ఇంట్లోనే నాటువైద్యం చేసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ భయం వదిలేయాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం ఆదుకోవాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేదు. ఆసుపత్రిలో పోలీసుకు కబురు పోతుంది, వివరాలు రాసుకుంటారు. అది నేరం మోపడం కాదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక కొన్ని వారాలు చాలా జాగ్రత్తగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నై, కొలంబోలతో సహా అయిదు చోట్ల, ప్రాణం తీసుకోబోయి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందితో ఒక అధ్యయనం చేసింది. కొందరికి మామూలు వైద్యం మాత్రమే చేశారు. మిగిలినవాళ్ళతో ఒక గంట విడిగా మాట్లాడి, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో, ఇంటికి వెళ్ళో పలకరించారు. ఇలా పలకరింపు అందినవాళ్ళలో మరణాలు చాలా తక్కువ. ఆశా కార్యకర్త చేయగల పని ఇది, చుట్టం చేయగల పని కూడా.

ఊరు చేయగలిగింది

రైతు సంపర్క కేంద్రాలున్నాయి, సహకార సంఘాల గోదాములున్నాయి. వాటిలో ఒక గదిని మందుల అరలకు కేటాయించమని పంచాయతీ తీర్మానం చేయవచ్చు. పురుగుల మందుల అంగడి యజమాని తాగి వచ్చినవాళ్ళకు, చేనూ పంటా చెప్పలేనివాళ్ళకు, పొద్దుపోయాక ఒంటరిగా వచ్చి అడిగేవాళ్ళకు "రేపు పొద్దున రా" అని చెప్పవచ్చు. ఆ ఒక్క మాట కూడా ఆ గంటను దాటించగలదు. ఇంటి ఆడవాళ్ళు పంట అయిపోగానే మిగిలిన సీసాలన్నీ ఇల్లు దాటించమని పట్టుబట్టవచ్చు.

మన దేశంలో మానసిక వైద్యాన్ని పల్లె గడప దాకా తెచ్చిన జిల్లా ఇది. మందు సీసాను ఆ గడప దాటించే పని కూడా ఇక్కడే మొదలు కావచ్చు. ఈ మిరప పంట ఇంటికి రాకముందే మొదలు పెడదాం.