అనుమతికి గడువు 3,600 సెకన్లు

2016లో తేదీలు కలిసొచ్చాయి. ఆధార్ చట్టం ఆ ఏడాది మార్చిలో వచ్చింది. యూపీఐ ఏప్రిల్ 11న మొదలైంది. జూన్‌లో అమెజాన్ మన దేశంలో తన మొదటి క్లౌడ్ రీజియన్‌ను, అంటే డేటా కేంద్రాల సముదాయాన్ని, ముంబైలో తెరిచింది. యూపీఐ వచ్చిన సరిగ్గా 6 నెలలకు, అక్టోబర్ 11న, పాత వరంగల్ జిల్లాను విడగొట్టి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు చేశారు. అంటే ఈ మూడు జిల్లాల కలెక్టరేట్లు ఏపీఐల కాలంలోనే కళ్లు తెరిచాయి. రేషన్ బియ్యం, యూరియా సంచి, పీఎం కిసాన్ విడతకు వచ్చే 2,000 రూపాయలు, ఏది చేతికందాలన్నా ఒక సర్వర్ ఇంకో సర్వర్‌ను అడగాలి. అది సరేననాలి.

పత్తినే తీసుకోండి. 2025 సీజన్ నుంచి భారత పత్తి సంస్థ (సీసీఐ)కి పత్తి అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదు చేసుకుని స్లాట్ బుక్ చేసుకోవాలి. పొడవు పింజ రకానికి ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. జనగామ రైతుకు కావాల్సింది ఆ ధర. అతని ఫోన్‌లో కనిపించే యాప్ మాత్రం ఉత్త తెర. అసలు పనంతా తెర వెనక, ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ను నిర్ణీత పద్ధతిలో అడిగే చోట జరుగుతుంది. అలా అడిగే పద్ధతికే ఏపీఐ అని పేరు.

అడిగినప్పుడు కాదనడానికి సర్వర్ల దగ్గర ముఖ్యంగా మూడు సంఖ్యలున్నాయి. 401 అంటే నువ్వెవరో తేలలేదని. 403 అంటే నువ్వెవరో తెలుసు గానీ ఈ పనికి నీకు అనుమతి లేదని. 429 అంటే ఎక్కువసార్లు అడుగుతున్నావు, కాసేపు ఆగమని. మన యాప్‌లలో చాలావాటికి ఈ తేడా పట్టదు. మూడింటికీ ఒకటే సందేశం: ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి’. 403 వచ్చినప్పుడు వందసార్లు నొక్కినా లాభం లేదు. 429 వచ్చినప్పుడు నొక్కడమే నష్టం. వాడేవాళ్లకు చిరాకు తెప్పించేది నెమ్మది నెట్ కన్నా ఈ ఒక్క వాక్యమే ఎక్కువని నా అభిప్రాయం.

మొదట ‘నువ్వెవరు’ అన్న ప్రశ్న. ఆధార్‌లో ఇది బహు క్లుప్తంగా తేలుతుంది. 12 అంకెల సంఖ్యతో పాటు వేలిముద్రనో ఓటీపీనో ఎన్‌క్రిప్ట్ చేసి పంపితే, ధ్రువీకరణ ఏపీఐ నుంచి వచ్చే ఫలితం ఒకే అక్షరం: వై లేదా ఎన్. పేరు చెప్పదు, చిరునామా చెప్పదు. ఆ వివరాలిచ్చే ఈ-కేవైసీ వేరే సేవ, దానికి అనుమతులూ వేరు. ఎన్ వచ్చినప్పుడు తోడుగా ఒక కోడ్ వస్తుంది. 300 అంటే వేలిముద్ర లాంటి బయోమెట్రిక్ కలవలేదు. 330 అంటే ఆధార్ ఉన్న వ్యక్తే తన బయోమెట్రిక్స్‌కు తాళం వేసుకున్నారు. రెంటికీ మందు వేరు. మొదటిదానికి ఇంకో వేలు, లేదంటే ఐరిస్, ముఖం. రెండోదానికి తాళం తీసుకోవడం. మహబూబాబాద్ చేలల్లో మిర్చి ఏరే చేతులు, భూపాలపల్లి సింగరేణి గనుల్లో పనిచేసే చేతులు సీజన్ దాటేసరికి గీతలరిగి ఉంటాయి. ఆ చేతుల దగ్గర 300 రావడం మోసానికి గుర్తు కాదు. యంత్రం ముందు కూర్చున్న మనిషికి ఈ అంకె అర్థం తెలియకపోతే మాత్రం, ముసలామెను ‘రేపు రా’ అని పంపేస్తాడు.

ఇక ‘నీకు అనుమతి ఉందా’ అన్న ప్రశ్న. ఇదే అసలు విషయం. ఒకప్పుడు ఒక యాప్‌కు మీ ఇంకో ఖాతాలోని సమాచారం కావాలంటే నేరుగా ఆ ఖాతా పాస్‌వర్డే అడిగేది. ఇచ్చామంటే ఇల్లంతా అప్పగించినట్టే. ఈ బెడద తప్పించడానికి వచ్చిన ఒప్పందమే ఓఆథ్. దాని రెండో రూపం 2012 అక్టోబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6749 అనే ప్రమాణ పత్రంగా ప్రచురితమైంది. మన డిజిలాకర్ 2015 జులై 1న మొదలైంది, వేరే యాప్‌లకు పత్రాలిచ్చేది ఈ పద్ధతిలోనే.

భూపాలపల్లి కుర్రాడొకడు డ్రైవర్ ఉద్యోగానికి ఒక యాప్‌లో దరఖాస్తు పెట్టాడనుకుందాం. లైసెన్స్ కావాలని అడిగిన యాప్ అతన్ని డిజిలాకర్ పేజీకి పంపుతుంది. లాగిన్ అక్కడ, ఓటీపీ అక్కడ, ‘ఈ యాప్‌కు ఈ పత్రం చూపించనా’ అని అడిగేదీ అక్కడే. అతను సరేనంటే డిజిలాకర్ ఒక చిన్న కోడ్‌తో అతన్ని వెనక్కి పంపుతుంది. ఈ కోడ్ ఒక్కసారికే పనికొస్తుంది. ఎంత ఆలస్యమైనా దాని ఆయుష్షు 10 నిమిషాలు దాటవద్దని ఆర్‌ఎఫ్‌సీ సలహా. యాప్ సర్వర్ ఆ కోడ్‌ను తెర వెనక ఇచ్చి, బదులుగా టోకెన్ తీసుకుంటుంది. కోడ్‌ను దారిలో ఎవరైనా కాజేస్తే? దానికి 2015 సెప్టెంబర్‌లో ఇంకో రక్షణ చేర్చారు. దాని పేరు పీకేసీఈ. మొదట్లోనే యాప్ 43 నుంచి 128 అక్షరాల రహస్యాన్ని తయారుచేసుకుని, దాని ముద్రను (హ్యాష్‌ను) మాత్రం ముందుగా పంపుతుంది. కోడ్ మార్చుకునేటప్పుడు అసలు రహస్యం చూపాలి. కోడ్ ఒక్కటే దొరికిన దొంగకు అది చిత్తుకాగితం.

టోకెన్ మన ఆర్టీసీ టికెట్ లాంటిది. ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఎక్కొచ్చు, అందుకే పోగొట్టుకోకూడదు. కానీ హన్మకొండ నుంచి జనగామకు కొట్టిన టికెట్‌తో హైదరాబాద్ పోలేరు. పరిధి, గడువు, ఈ రెండే దాని బలం. గూగుల్ క్లౌడ్ టోకెన్‌కు మామూలు గడువు 3,600 సెకన్లు. అమెజాన్‌లో ఒక రోల్ కింద తీసుకునే తాత్కాలిక అనుమతికి మామూలుగా 1 గంట, పెంచుకుంటే గరిష్ఠంగా 12 గంటలు. గడువు తీరాక కొత్త టోకెన్ తెచ్చుకోవడానికి రిఫ్రెష్ టోకెన్ అనే ఇంకోటి ఉంటుంది. గూగుల్‌లో యాప్‌ను బయటివాళ్ల కోసమని నమోదు చేసి ఇంకా పరీక్ష దశలోనే వదిలేస్తే, సాధారణంగా ఆ రిఫ్రెష్ టోకెన్ 7 రోజులకే చచ్చిపోతుంది. ప్రాజెక్టు డెమో రోజు చక్కగా నడిచిన యాప్ వారం తిరిగేసరికి మూలపడిందని తలపట్టుకునే ఇంజినీరింగ్ విద్యార్థులు ముందు చూడాల్సింది ఇదే.

గడువు లేని తాళాలూ ఉన్నాయి, ప్రమాదమంతా వాటితోనే. అమెజాన్ శాశ్వత కీ ఐడీకి 20 అక్షరాలు, దాని రహస్యానికి 40. దీన్ని తీసుకెళ్లి మొబైల్ యాప్‌లోనే రాసేస్తే, యాప్ దించుకున్న ప్రతి ఫోన్‌లోనూ ఆ తాళం ఉన్నట్టే. విప్పి చూసే పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి. తాళం సర్వర్‌లో ఉండాలి. ఫోన్ సర్వర్‌ను అడగాలి, సర్వర్ క్లౌడ్‌ను అడగాలి. దీనికి మినహాయింపు ఏ కారణంతో అడిగినా ఇవ్వకూడదు.

మధ్యలో ఇంకో మెట్టు వస్తే జాప్యం కాదా అని అడిగేవారికి ఒక లెక్క. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో తెరుచుకుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. జనగామ నుంచి హైదరాబాద్ దాదాపు 85 కిలోమీటర్లు, అంటే పోయేందుకు అర మిల్లీసెకను కూడా పట్టదు. భూపాలపల్లి నుంచైనా 1 మిల్లీసెకను చిల్లర. తీగ నేరుగా ఉండదు కాబట్టి రెట్టింపు వేసుకున్నా లెక్కలోకి రాదు. అసలు ఆలస్యం ఎక్కువగా ఒకే పనికి పదిసార్లు అడిగే యాప్‌ల వల్లే.

అలా అడిగితే ఏమవుతుందో 2025 ఏప్రిల్ 12న దేశమంతా చూసింది. ఆ రోజు యూపీఐ గంటల తరబడి సతాయించింది. డబ్బు పంపేవాళ్లు పెరిగి కాదు. ‘పోయిందా, పోయిందా’ అని లావాదేవీ స్థితి అడిగే ఏపీఐని బ్యాంకులు ముంచెత్తడం వల్లేనని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ తేల్చింది. 2025 ఆగస్టు నుంచి పరిమితులు పెట్టారు. ఒక యాప్‌లో రోజుకు 50 సార్లే బ్యాలెన్స్ చూడొచ్చు. నంబర్‌కు ముడిపడ్డ ఖాతాల జాబితా 25 సార్లు. తేలని లావాదేవీ స్థితి 3 సార్లే, అదీ 90 సెకన్లు ఆగాకే. అదే ఆగస్టులో యూపీఐ లావాదేవీలు మొదటిసారి నెలకు 2,000 కోట్లు దాటాయి. పరిమితి పెట్టాక వ్యవస్థ తగ్గలేదు, నిలబడింది.

ఈ 90 సెకన్ల విలువ చిన్నది కాదు. ఊహకు 10,000 మంది రైతులు స్లాట్ కోసం ఒక యాప్ తెరిచి పెట్టుకున్నారనుకోండి. ప్రతి ఫోన్ 5 సెకన్లకోసారి అడిగితే సెకనుకు 2,000 ప్రశ్నలు, రోజుకు 17.28 కోట్లు. 90 సెకన్లకోసారి అడిగితే సెకనుకు 111, రోజుకు 96 లక్షలు. రైతుకు దొరికే స్లాట్ రెండు పద్ధతుల్లోనూ ఒకటే. క్లౌడ్ బిల్లే వేరు.

ఇంత కట్టుదిట్టమూ ఊళ్లో ఒక్క మాట దగ్గర తేలిపోతుంది: ‘ఓటీపీ ఎంతొచ్చిందే పెద్దమ్మా, సదువు’. కౌంటర్ అవతలి కుర్రాడు మంచివాడే కావచ్చు, సాయమే చేస్తుండొచ్చు. కానీ లాగిన్ అతని కంప్యూటర్‌లో, అతని బ్రౌజర్‌లో అయిపోయింది. ఏ పత్రానికి సరే అన్నదో, ఎంతకాలానికి అన్నదో ఆమె చూడలేదు. పాస్‌వర్డ్ చేతులు మారకూడదని పుట్టిన ఏర్పాటు, ఓటీపీ నోటితో చెప్పగానే మళ్లీ మొదటికొచ్చింది. చదవలేనివాళ్లను తప్పుపట్టి లాభం లేదు. అనుమతి తెరపై ఏముందో తెలుగులో గట్టిగా చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే నొక్కే పద్ధతి మీసేవ కేంద్రాల్లో రావాలి. పని పూర్తయ్యాక లాగౌట్ చేసి చూపించాలి.

చట్టం కూడా అటే నడుస్తోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, అనుమతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. సమాచారాన్ని కాపాడలేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పడొచ్చు. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల వ్యవధి ఇచ్చారు. జిల్లా కేంద్రాల్లో యాప్‌లు కట్టి అమ్ముతున్న కుర్రాళ్లు ఈలోపే తమ కోడ్‌లో రహస్య తాళాలెక్కడున్నాయో వెతుక్కోవడం మంచిది.

చదివేవారు ఇవాళే చేయగల పని ఒకటుంది. ఆధార్ సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో గానీ ఆధార్ యాప్‌లో గానీ మీ ధ్రువీకరణ చరిత్ర తెరవండి. గత 6 నెలల్లో మీ ఆధార్‌తో ఎవరెవరు అడిగారో, ఏ తేదీన అడిగారో 50 నమోదుల వరకు కనిపిస్తుంది. మీరు వెళ్లని రోజున మీ వేలిముద్ర వాడినట్టుంటే బయోమెట్రిక్స్‌కు తాళం వేసి, 1947కు ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లవి కూడా చూడండి.