‘బాగుంది’ సరే.. నెల తర్వాత?

మీ పోర్ట్‌ఫోలియోలో యాప్ డిజైన్ ఉందా? నలుగురు ఫ్రెండ్స్‌కి చూపించి, ‘బాగుంది’ అనిపించుకుని, టెస్టింగ్ అయిపోయిందని రాసేశారా? ‘నెల తర్వాత వాళ్లు ఏమన్నారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెబుతారు?

కొత్తలో నచ్చేది వేరు, అలవాటయ్యాక నచ్చేది వేరు. 2009లో ప్రచురితమైన ఓ అధ్యయనంలో కరపానోస్ బృందం ఐఫోన్ కొన్న ఆరుగురిని అయిదు వారాలపాటు గమనించింది. మొదట్లో కొత్తదనం, నేర్చుకోవడంలో తేలిక ముఖ్యమనిపించాయి. రోజులు గడిచేకొద్దీ రోజువారీ పనికి ఎంత ఉపయోగపడుతోందన్నదే పెద్దదైంది. గమనించింది ఆరుగురినే! శాంపిల్ చిన్నదని వెనకాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవచ్చు.

అన్ని వారాలు ఆగే టైమ్ లేదంటారా? ఫిన్లాండ్‌కు చెందిన సారి కుయాలా బృందం 2011లో పరిచయం చేసిన ‘యూఎక్స్ కర్వ్’ ఉంది. ఖర్చు ఓ కాగితం, పెన్ను. ఎప్పట్నుంచో ఒకే యాప్ వాడుతున్నవాళ్లని పట్టుకోండి. మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా దానిపై ఇష్టం ఎలా పెరిగిందో, తగ్గిందో గీత గీయమనండి. గీత వంపు తిరిగిన ప్రతిచోటా ‘ఇక్కడేమైంది?’ అని అడగండి. అసలు సరుకు అక్కడే దొరుకుతుంది. కాకపోతే ఇదంతా జ్ఞాపకం మీద నడిచే పద్ధతి, సంగతులు అటూఇటూ అవుతాయి. వీలుంటే డైరీ కూడా రాయించండి. రోజుకి రెండు లైన్లు చాలు. పేజీలు అడిగితే మూడో రోజుకే మానేస్తారు!

యాప్‌ని మధ్యలో అన్‌ఇన్‌స్టాల్ చేసినవాళ్లని మాత్రం లెక్కలోంచి తీసేయొద్దు. ఎందుకు తీసేశారో అడిగి, ఆ జవాబునే కేస్ స్టడీలో ముందు పెట్టండి.