గెలిస్తే మనం, ఓడితే వాళ్ళు



పల్లెటూరి బడిలో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైన ముసలివాడు అమెరికా ఫుట్‌బాల్‌కు అభిమాని అయ్యాడంటే మీకు నవ్వు రావచ్చు. నా భార్య ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. అయితే ఘోరంగా ఓడిపోయిన ఒక కాలేజీ జట్టును చూసి, ముప్పై ఏళ్ళకు పైగా బడిలో ఉండి కూడా నేర్చుకోని పాఠం ఒకటి నేర్చుకున్నాను. ఇంట్లో పిల్లలున్న ప్రతివారికీ అది పనికివస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా అమ్మాయి, అల్లుడు ఫ్లోరిడా రాష్ట్ర రాజధాని టలహాసీలో ఉంటారు. అల్లుడు గారు ఆ ఊళ్ళోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలోనే ఎమ్మెస్ చదివారు. 2023లోను, 2024లోను ఆగస్టు మొదలు సంవత్సరాంతం వరకు మేమిద్దరం వాళ్ళ దగ్గర ఉన్నాం. అక్కడ ఆ నెలలంటే ఫుట్‌బాల్ నెలలు.

ఆ ఫుట్‌బాల్ మనం ఆడేది కాదు. బంతి కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. అవతలివాళ్ళు మన కబడ్డీలో లాగా మీదపడి ఆపుతారు. పక్షానికి 11 మంది, మైదానం 100 గజాలు. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలైనా ముందుకు వెళ్ళకపోతే బంతి అవతలివారికి పోతుంది. చివరి గీత దాటితే 6 పాయింట్లు. దాటలేక, దూరం నుండే కాలితో తన్ని రెండు స్తంభాల మధ్యగా పంపితే 3. ఆడేవాళ్ళందరూ కాలేజీ విద్యార్థులే. ఆట ఎక్కువగా శనివారం. ఆ రోజు ఊరు ఊరంతా దానిమ్మ గింజల రంగు, బంగారు రంగు చొక్కాలతో తిరునాళ్ళలా ఉంటుంది. ఆట మొదలయ్యే ముందు ఒసియోలా నాయకుని వేషంలో ఒక విద్యార్థి గుర్రం మీద వచ్చి, మండుతున్న ఈటెను మైదానం నడుమ గుచ్చుతాడు. వేలమంది ఒక్కసారిగా కేక వేస్తారు. నేనూ వేశాను!

గెలుపు సంవత్సరం

2023లో మా జట్టుకు ఓటమి తెలియదు. నవంబరు 18న జట్టును నడిపించే జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. అయినా మిగిలినవాళ్ళు ఆగలేదు. డిసెంబరు 2న లూయీవిల్ మీద 16-6తో గెలిచి తమ లీగ్ చాంపియన్లయ్యారు. మొత్తం 13 ఆటలు, 13 గెలుపులు. ఆ నెలల్లో మా అల్లుడు గారి నోట ఒకటే మాట: “మామయ్య గారూ, మనం గెలిచాం!” పన్నెండేళ్ళ మనవడు పరుగెత్తుకొచ్చి, “తాతయ్యా, మనమే ఫస్ట్!” అనేవాడు. వాడి ఒంటి మీద జట్టు చొక్కా, దాని పేరు జెర్సీ అట, ఉతకడానికి కూడా విప్పేవాడు కాదు.

మర్నాడు ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి పిడుగులాంటి వార్త. జాతీయ చాంపియన్‌షిప్‌కు పోటీపడే నాలుగు జట్లను 13 మంది సభ్యుల కమిటీ ఎంపిక చేసింది. మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామా. మా జట్టు అయిదో స్థానం! ట్రావిస్ లేని జట్టు మునుపటిలా బలమైనది కాదని వారి అభిప్రాయం. పెద్ద లీగులో ఒక్క ఓటమి కూడా లేకుండా చాంపియన్ అయిన జట్టును అలా పక్కన పెట్టడం అదే మొదటిసారి. తన కాలు ఇంకా ముందే విరిగి ఉంటే, తాను లేకుండా కూడా ఈ జట్టు ఎంత గట్టిదో వాళ్ళకు తెలిసేది గదా అని ఆ కుర్రవాడు బాధపడ్డాడు. ఆ మాటకు నా కళ్ళు చెమర్చాయి. అల్లుడు గారు ఆ పూట భోజనం చేయలేదు.

డిసెంబరు 30న ఆరెంజ్ బౌల్ అనే ఆటలో జార్జియా చేతిలో 63-3తో ఓడిపోయారు. ముఖ్యమైన ఆటగాళ్ళు చాలామంది ఆ ఆటకు దిగనేలేదు. “అది లెక్కలోకి రాదు” అనుకుని సర్దుకున్నాం. వచ్చే ఏడు చూసుకుందాం అనుకున్నాం.

పది ఓటములు

వచ్చే ఏడు రానే వచ్చింది. ఆట మొదలుకాకముందే 2024 జట్టును పత్రికలవారు దేశంలో 10వ స్థానంలో నిలిపారు. ఆగస్టు 24న ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరంలో జార్జియా టెక్‌తో మొదటి ఆట. చివరి క్షణంలో అవతలివాడు 44 గజాల దూరం నుండి బంతిని తన్ని 24-21తో గెలిపించాడు. సరే, దురదృష్టం అనుకున్నాం.

సెప్టెంబరు 2 రాత్రి మా ఊళ్ళోనే బోస్టన్ కాలేజీతో ఆట. నన్ను కూడా స్టేడియానికి తీసుకువెళ్ళారు. 28-13తో ఓడిపోయారు. ఆట ముగియకముందే మా చుట్టూ సీట్లు ఖాళీ అవుతూ వచ్చాయి. మేమూ లేచాం. కారులో అల్లుడు గారు స్టీరింగ్ మీద గుద్దుతూ, “వీళ్ళకు సిగ్గు లేదు. పనికిమాలిన వెధవలు” అన్నారు. వెనక సీట్లో మనవడు కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. నేనేమైనా వారించానా? లేదు. “నిజమే బాబూ, వీళ్ళకు ఆడాలని లేదు” అని వంత పాడాను.

తర్వాత మెంఫిస్ 20-12తో ఓడించింది. కాలిఫోర్నియా మీద 14-9తో ఒక్క గెలుపు. ఎస్‌ఎమ్‌యూ 42-16, క్లెమ్సన్ 29-13. అక్టోబరు 18న డ్యూక్ 23-16తో గెలిచింది. డ్యూక్‌తో అంతకు ముందు 22 సార్లు ఆడితే 22 సార్లూ ఫ్లోరిడా స్టేటే గెలిచింది. ఆ లెక్క కూడా పోయింది! మొదటి ఆట తర్వాత వరుసగా తొమ్మిది ఆటల్లో మా జట్టు ఒక్కసారి కూడా 16 పాయింట్లు దాటలేదు.

కారణాలు లేకపోలేదు. ముందు సంవత్సరపు జట్టులోనివాళ్ళు 10 మంది 2024 డ్రాఫ్టులో ఎంపికై వృత్తి జట్లకు వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆటగాళ్ళు ఒక కాలేజీ నుండి మరో కాలేజీకి సులువుగా మారవచ్చు. 2021 నుండి తమ పేరు మీద డబ్బు కూడా సంపాదించుకోవచ్చు. ఎక్కడెక్కడినుండో వచ్చినవాళ్ళు ఒక జట్టుగా అతుక్కోవడానికి సమయం పడుతుంది. కోచ్ మైక్ నార్వెల్ జీతం సంవత్సరానికి సుమారు కోటి డాలర్లు. కనుక అభిమాని కోచ్‌ను ప్రశ్నించడంలో తప్పులేదు. అయితే మేము ప్రశ్నించడంతో ఆగలేదు. పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లలను పేరుపేరునా తిట్టాం. ఆ తిట్లను ఎవరు వింటున్నారో ఆలోచించలేదు.

చొక్కా మడతలో కాగితం

డ్యూక్ ఆట అయిన మరుసటి వారం నా భార్య పిల్లవాడి బట్టలు సర్దుతోంది. అలమర అడుగున ఆ జట్టు చొక్కా ఉండచుట్టి ఉంది. సెప్టెంబరు నుండి వాడు దాన్ని ముట్టుకోలేదు. విప్పితే లోపలినుండి ఒక కాగితం పడింది. లెక్కల పరీక్ష పేపరు. నూటికి 43. అడుగున తండ్రి సంతకం కోసం గీసిన గీత ఖాళీగా ఉంది.

నేను వాణ్ణి పెరట్లోకి పిలిచి మెల్లగా అడిగాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “తాతయ్యా, నాన్న ఆ చొక్కా ముట్టుకోరు. అందుకే అందులో పెట్టాను” అన్నాడు. “చెబితే ఏమయ్యేదిరా?” అన్నాను. “ఓడిపోయినవాళ్ళను మీరిద్దరూ ఏమంటారో నాకు తెలుసు కదా” అన్నాడు.

మీరిద్దరూ! ఆ మాట నా గుండెలో దిగబడింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా బడి గేటు పక్కన ఒక నల్లబల్ల ఉండేది. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున ఫస్టు క్లాసు వచ్చినవారి పేర్లు రంగు సుద్దలతో స్వయంగా నేనే వ్రాసేవాణ్ణి. “మన పిల్లలు” అని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. తప్పినవారి గురించి ఎవరైనా అడిగితే, “వాడా? వాడెప్పుడూ అంతే” అనేవాణ్ణి. ఒకే బడి, ఒకే బెంచీ. ఒకడు మనవాడు, ఇంకొకడు వాడు. లెక్కల్లో తప్పిన ఒక కుర్రవాడు మళ్ళీ పరీక్షకు కట్టలేదు. కూలిపనికి వెళ్ళిపోయాడు. ఎన్నో ఏళ్ళ తరువాత కాలవ గట్టు మీద ఎదురుపడితే, సైకిలు దిగి, తల వంచుకుని, నాకు దారి ఇచ్చి నిలబడ్డాడు. అప్పుడు దాన్ని గౌరవం అనుకున్నాను. అది గౌరవమో, భయమో, ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు అల్లుడు గారికి అంతా చెప్పాను. నా తప్పుతోనే మొదలుపెట్టాను. ఆయన ఆ పేపరును చేతిలో పట్టుకుని కూర్చుండిపోయారు. మా అమ్మాయి అప్పుడు ఒక సంగతి చెప్పింది. రాబర్ట్ చాల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1976లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడు యూనివర్సిటీల్లో పరిశీలించగా, శనివారం తమ ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే సోమవారం కాలేజీ పేరున్న చొక్కాలు ఎక్కువమంది వేసుకుని వచ్చారట. ఆట గురించి చెప్పమంటే, గెలుపును చెప్పేటప్పుడు “మేము” అన్నవాళ్ళు, ఓటమిని చెప్పేటప్పుడు “వాళ్ళు” అనడానికి మొగ్గు చూపారట.

“మన ఇంటి సంగతే వ్రాసినట్టున్నారు” అన్నారు అల్లుడు గారు. తరువాత పిల్లవాణ్ణి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, “ఎక్కడ తప్పు పోయిందో మనం చూద్దాం రా” అన్నారు. వాడు తండ్రి ముఖంలోకి ఒకసారి చూసి, పెన్సిలు తెచ్చుకున్నాడు.

చివరిదాకా కూర్చున్నవారు

నవంబరు 9న నోట్రెడామ్ మా జట్టును 52-3తో చిత్తుచేసింది. టీవీ కట్టేయకుండా మేమందరం ఆఖరు వరకు కూర్చున్నాం. ఎవరూ తిట్టలేదు. సంతోషంగా ఉన్నామని అబద్ధం చెప్పను. అల్లుడు గారు రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు త్రాగి వచ్చారు. మర్నాడు ఇద్దరు ముఖ్య సహాయ కోచ్‌లను తొలగించారు. తరువాత నార్వెల్ కూడా తన 2025 జీతంలో 45 లక్షల డాలర్లు యూనివర్సిటీ నిధికి తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

నవంబరు 23న చార్లెస్టన్ సదరన్ మీద 41-7తో ఒక గెలుపు దక్కింది. నవంబరు 30న ఫ్లోరిడా యూనివర్సిటీతో చివరి ఆటకు మళ్ళీ స్టేడియానికి వెళ్ళాం. మనవడు ఆ ముడతలు పడిన చొక్కానే వేసుకున్నాడు. మా పక్క సీట్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. 31-11తో ఓటమి ఖాయమై జనం లేచిపోతున్నా ఆయన కదలలేదు. మాటల్లో, “1973లో 11 ఆటలాడి 11 ఓడారు. అప్పుడూ ఇక్కడే కూర్చున్నాను” అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆ లెక్క చూశాం. నిజమే. 1973 నుండి 1975 వరకు మూడేళ్ళలో ఆ జట్టు గెలిచింది మొత్తం 4 ఆటలు. 1976లో బాబీ బౌడెన్ కోచ్‌గా వచ్చి 2009 వరకు ఉన్నారు. ఆయన చర్చీల్లో సాక్ష్యం చెప్పే విశ్వాసి. 1986లో ఒక ఆటగాడు తుపాకి కాల్పుల్లో చనిపోతే, బౌడెన్ జట్టును కూర్చోబెట్టి ఆట గురించి కాక నిత్యత్వం గురించి మాట్లాడారు. ఆ మాటలు విన్న సహాయకుడు మార్క్ రిక్ట్ ఆయన దగ్గరకు వెళ్ళి క్రీస్తును అంగీకరించాడు. 1991లోను, 1992లోను మయామీతో ఆడినప్పుడు ఆఖరున తన్నిన బంతి స్తంభానికి కుడివైపుగా పోయి రెండుసార్లూ ఆశ అడుగంటింది. మరుసటి ఏడు, 1993 జట్టు జాతీయ చాంపియన్ అయింది. ఈ రోజున ఆ మైదానానికి బౌడెన్ పేరే ఉంది. ఆ గెలుపు చూసి ఆనందించినవారు లక్షలు. 1973లో కూడా కూర్చున్నవారు ఎందరుంటారు?

2024 లెక్క 12 ఆటలు, 2 గెలుపులు, 10 ఓటములు. మనవడు డిసెంబరులో లెక్కల్లో 71 తెచ్చుకున్నాడు. గొప్ప మార్కులేమీ కావు. కానీ ఆ కాగితాన్ని చొక్కాలో దాచలేదు, తిన్నగా తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

2025 ఆగస్టు 30న మా జట్టు అలబామాను 31-17తో ఓడించింది. ఆ రోజు ఫోనులో ఇంట్లో అందరి అరుపులూ వినిపించాయి. అయితే నేను దాచుకున్నది ఆ ఫోను కాదు. సెప్టెంబరు 26న వర్జీనియాతో ఆట సమమై, రెండుసార్లు పొడిగించాక 46-38తో ఓడిపోయారు. ఇక్కడ మనకు శనివారం పొద్దున. నేను పశువులకు గడ్డి వేస్తుండగా ఫోను మోగింది. మనవడు. ఇంగ్లీషులో “వి” అనే ఒక్క మాటే ఉంది గాని మన తెలుగులో రెండున్నాయి. మేము అంటే వినేవాడు బయటివాడు. మనం అంటే వాడూ లోపలే.

“తాతయ్యా,” అన్నాడు వాడు, “మనం ఓడిపోయాం.”