గృహపరిచర్య: తొలి మెట్టు, పై మెట్లు
అండమాను నికోబారు దీవుల యువతీయువకులకు ఒక వృత్తిమార్గము

వైద్యుడు మందిచ్చును. శస్త్రచికిత్స ఆసుపత్రిలో జరుగును. అటుపిమ్మట రోగి ఇంటికి వచ్చును. నాటినుండి అతనికి స్నానము చేయించుట, ఆహారము తినిపించుట, ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుట, వేళకు మందిచ్చుట ఎవరో ఒకరు చేయవలసియున్నది. ఈ పరిచర్య చక్కగా జరుగనిచో ఆసుపత్రిలో కలిగిన మేలు ఇంటిలో చెడిపోవును.

అండమాను నికోబారు దీవులలో ఈ సంగతి మరింత ముఖ్యము. ఇచ్చట పెద్ద ఆసుపత్రి శ్రీవిజయపురములోని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి. 2024 వరకు ఆ పట్టణమునకు పోర్టు బ్లెయిరని పేరు. మాయాబందరులోను, కారు నికోబారులోను గూడ ఆసుపత్రులు కలవు. కాని క్యాంప్‌బెల్ బే నుండి శ్రీవిజయపురమునకు ఐదువందల కిలోమీటర్లకు పైగా సముద్రమార్గము. ఓడ వచ్చిననే ప్రయాణము. గాలివాన పట్టినచో ఓడయు రాదు. అట్టిచోట ఇంటి ప్రక్కనే శిక్షణ పొందిన పరిచారకుడో, పరిచారికయో ఉండుట ప్రాణరక్షణమే యగును.

శిక్షణ లేని ప్రేమ చాలదు

పక్షవాతము వచ్చిన ముదుసలిని కదలించిన నొప్పి కలుగునని ఇంటివారు ఒకే ప్రక్కన పరుండబెట్టుదురు. ఇది ప్రేమచే జరుగు పొరపాటు. నడుము క్రింది ఎముకవద్ద, తుంటివద్ద, మడమలవద్ద చర్మము నలిగి మొదట ఎఱ్ఱబడును, పిదప పుండుపడును. రెండు ఋతుపవనముల వర్షముతో తేమ వీడని ఈ దీవులలో చెమటతో తడిసిన దుప్పటి ఆ పుండును త్వరపరచును. శిక్షణ పొందినవారు సాధారణముగా రెండు గంటల కొకసారి రోగిని ప్రక్కకు మార్చుదురు, చర్మమును పరీక్షించుదురు, ఎఱ్ఱబడినచోట మర్దనము చేయరు. ఆహారమిచ్చునపుడు తలవైపు ఎత్తి కూర్చుండబెట్టుదురు, తిన్నవెంటనే పరుండనీయరు. జ్వరము, నాడి, ఆహారము, మూత్రము ఒక పుస్తకములో వ్రాసి యుంచుదురు. దూరమున నున్న వైద్యునితో ఫోనులో మాట్లాడునపుడు ఆ పుస్తకమే సాక్ష్యము.

పరిచారకుని హద్దు గూడ తెలియవలెను. సూదిమందు వేయుట, సెలైను ఎక్కించుట, మందుల మోతాదు మార్చుట అతని పని కాదు. ఇంటివారు బలవంతపెట్టినను వీటికి ఒప్పుకొనరాదు. ఒప్పుకొనకుండుట అవిధేయత కాదు, అదియు వృత్తిధర్మమే.

తొలి మెట్టు

గృహ ఆరోగ్య సహాయకుడు, ఆసుపత్రి సాధారణ సహాయకుడు అను పేర్లతో జాతీయ నైపుణ్య విధానమునందు కొన్ని నెలల శిక్షణలు కలవు. స్త్రీపురుషు లిరువురును చేరవచ్చును. కోవిడు కాలమున, 2021 జూన్ 18వ తేదీన, దేశమంతట లక్షమందికి ఆరు విధములైన పనులలో త్వరిత శిక్షణ నిచ్చు పథకము ప్రారంభమయ్యెను. వానిలో గృహపరిచర్య యొకటి. ఇంటిలోని సేవ గూడ నేర్చి చేయవలసిన వృత్తియే యని దానివలన స్పష్టమయ్యెను.

పై మెట్లు

పరిచారకునిగా ఎన్ని యేండ్లు పనిచేసినను ఆ అనుభవమువలన మాత్రమే ఎవరును నర్సు కాజాలరు. పై మెట్టునకు తాళపుచెవి పన్నెండవ తరగతి. చదువు మధ్యలో ఆగినవారు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా, పని చేసికొనుచునే, ఆ పరీక్ష వ్రాయవచ్చును. అది నెరవేరిన పిమ్మట స్త్రీలు ఏ.ఎన్.ఎం. అనబడు రెండేండ్ల సహాయక నర్సు శిక్షణలో చేరవచ్చును. ఏ.ఎన్.ఎం.గా నమోదైనవారికి మూడేండ్ల జి.ఎన్.ఎం. శిక్షణకు దారి కలదు. పన్నెండవ తరగతిలో తగిన మార్కులు వచ్చిన పురుషులును జి.ఎన్.ఎం.లో నేరుగా చేరవచ్చును. జి.ఎన్.ఎం. ముగించి నమోదైనవారు మరి రెండేండ్లు చదివి బి.ఎస్‌సి. నర్సింగు పట్టము పొందవచ్చును.

ఒక హెచ్చరిక అవసరము. ఆరునెలలలో నర్సును చేయుదుమని రుసుము వసూలు చేయు ప్రకటనలను నమ్మరాదు. గుర్తింపులేని పత్రముతో నర్సుగా నమోదు దొరకదు. పోయిన ధనమును, కాలమును తిరిగిరావు. చేరుటకు ముందే ఆ పాఠశాలకు భారత నర్సింగు మండలి, స్థానిక నర్సింగు మండలి గుర్తింపు కలదా యని విచారింపవలెను. స్వల్పకాల శిక్షణయైనచో పత్రము నెవరు ఇత్తురో అడిగి తెలిసికొనవలెను.

దీవులలోని నిదర్శనము

ఈ దీవులలోనే పుట్టిన శాంతి తెరెసా లక్రా ఏ.ఎన్.ఎం.గా చిన్న అండమానులోని డుగాంగ్ క్రీకులో, నూరుమందికి కొంచెము పైబడిన ఓంగీ తెగవారి నడుమ పనిచేసిరి. 2004 డిసెంబరు సునామీ తరువాతి కష్టదినములలోను వారి సేవ విడువలేదు. 2011లో ఆమెకు పద్మశ్రీ బిరుదము లభించెను. ఆ గౌరవము పొందుటకు ఆమెకు పెద్ద పదవి అవసరము కాలేదు. నేర్చిన పనిని, అవసరమున్నచోట, నమ్మకముగా చేయుటయే చాలెను.

2011 జనాభా లెక్కలలో ఈ దీవుల జనులు 3,80,581 మంది. వారిలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. మంచము పట్టిన వృద్ధురాలు తన బాధను తన భాషలోనే చెప్పుకొనును. దానిని విని అర్థము చేసికొనగల తెలుగు యువతీయువకుల కిది మంచి అవకాశము.

ఇంటివారికిని ధర్మమొకటి కలదు. పరిచారికను ఇంటి పనిమనిషిగా చూడరాదు. పనిగంటలు, జీతము, వారమునకొక సెలవు ముందే వ్రాసికొనవలెను. చదువుకొనుటకు ఆమెకు కొంత తీరిక ఇయ్యవలెను. నేడు రోగి ప్రక్కన కూర్చుండి పుస్తకము చదువుకొను పరిచారికయే రేపు ఆ దీవికి నర్సుగా తిరిగి రావచ్చును.