ఎవరిని ఓడించి గెలిచారు?

ఆ మధ్య నిజామాబాద్‌లోని ఒక చాయ్ హోటల్‌లో మా విద్యార్థుల నడుమ వాదన నడిచింది. ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్లలో అర్హతకు మించిన కీర్తి పొందినవారెవరన్నది ప్రశ్న. ఒకరు మార్సియానో అన్నారు, మరొకరు డెంప్సీ అన్నారు, ఇంకొకరు టైసన్ పేరు తెచ్చారు. నిఖత్ జరీన్‌ను, హుసాముద్దీన్‌ను కన్న ఊరిలో ఇటువంటి చర్చ వింత కాదు. అయితే లేచి వెళ్లబోతూ ఒక విద్యార్థి తన సహాధ్యాయి వైపు తిరిగి, ‘ఓవర్‌రేటెడ్ అంటే ఏందో నిన్ను అడగాలె, నీకు సీటు ఎట్ల వచ్చిందో అందరికీ ఎరుకే కదా’ అని నవ్వాడు. ఆ సహాధ్యాయి బోధన్ వైపు ఒక దళితవాడ నుంచి వచ్చినవాడు. అతని తండ్రి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కార్మికుడు. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డాక కూలికి వెళ్లి కొడుకును చదివించాడు. కుర్రవాడు బదులు చెప్పలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. పక్క బల్ల దగ్గరే కూర్చున్న నేను కూడా నోరు విప్పలేదు. ఆ మౌనానికి ఆలస్యంగా ఇచ్చుకుంటున్న సంజాయిషీ ఈ వ్యాసం.

ఎవరి కీర్తి ఎంత న్యాయమైనదో తేల్చడానికి బాక్సింగ్ చరిత్రే ఒక కొలమానం ఇస్తుంది. ఎన్ని పోటీలు గెలిచారన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎవరిని ఓడించి గెలిచారు? ఎవరిని బరిలోకే రానివ్వకుండా గెలిచారు? 1882 నుంచి 1892 వరకు ఛాంపియన్‌గా వెలిగిన జాన్ ఎల్. సల్లివన్ నల్లజాతి బాక్సర్లతో తలపడనని బహిరంగంగానే ప్రకటించాడు. ఆ కాలపు మేటి యోధుల్లో ఒకడైన పీటర్ జాక్సన్‌కు టైటిల్ పోరు దక్కనే లేదు. 1919 నుంచి 1926 వరకు టైటిల్‌ను నిలుపుకున్న జాక్ డెంప్సీ విషయమూ అంతే. సవాలు చేయగల అర్హత ఉన్న హ్యారీ విల్స్ సంవత్సరాల తరబడి ఎదురుచూశాడు. ఆ పోరు జరగలేదు. డెంప్సీ పిరికివాడని ఎవరూ అనరు. ప్రమోటర్లు, అధికారులు, వర్ణవివక్షకు అలవాటుపడిన సమాజం కలిసి అతని ముందునుంచి ఒక ప్రత్యర్థిని తొలగించారు. ఆ తొలగింపు మాత్రం రికార్డు పుస్తకంలో ఓటమిగా నమోదు కాలేదు.

1908 డిసెంబరు 26న సిడ్నీలో టామీ బర్న్స్‌ను ఓడించి జాక్ జాన్సన్ తొలి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. తెల్లజాతి గౌరవాన్ని నిలబెట్టమంటూ విశ్రాంతి తీసుకుంటున్న జిమ్ జెఫ్రీస్‌ను మళ్లీ బరిలోకి లాక్కొచ్చారు. 1910 జులై 4న రీనోలో జాన్సన్ అతన్నీ ఓడించాడు. ఆ రాత్రి అమెరికాలోని అనేక పట్టణాల్లో నల్లజాతివారిపై దాడులు జరిగాయి. 1915లో జాన్సన్ టైటిల్ కోల్పోయాక, 1937లో జో లూయిస్‌కు అవకాశం దక్కేదాకా 22 ఏళ్లపాటు మరే నల్లజాతి బాక్సర్‌కూ ఆ టైటిల్ కోసం పోరాడే అవకాశం ఇవ్వలేదు. ఆ 22 ఏళ్ల ఛాంపియన్లందరూ ‘ప్రపంచ’ ఛాంపియన్లుగానే చలామణి అయ్యారు. అందులో ప్రపంచం ఎంత?

మార్సియానోను ఇదే త్రాసులో తూచి చూద్దాం. 49 పోటీల్లో 49 విజయాలు. అప్పటికే 37 ఏళ్ల వయసున్న లూయిస్‌ను ఓడించడం గొప్పా అని అడగవచ్చు. అది న్యాయమైన చర్చే. కానీ అతను వాల్కాట్‌ను, ఎజార్డ్ చార్లెస్‌ను, ఆర్చీ మూర్‌ను ఎదుర్కొన్నాడు. రంగు చూసి ఎవరికీ తలుపు మూయలేదు. అతని కీర్తిపై చర్చ ఆటకు సంబంధించినది. సల్లివన్ కీర్తిపై చర్చ సమాజానికి సంబంధించినది.

మన దేశంలో ఈ తలుపు పేరు కులం. 1911లో ఇంగ్లండ్ పర్యటనకు వెళ్లిన భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీసిన పల్వంకర్ బాలూ దళితుడు. అతని బౌలింగ్ కావలసివచ్చింది గానీ, పూనాలో అతనికి పెవిలియన్ బయట విడి మట్టిపాత్రలో చాయ్ పోశారు. హిందూ జట్టు నాయకత్వం అతనికి ఎన్నడూ దక్కలేదు. అతని కాలపు నాయకుల ప్రతిభను ‘సహజ ప్రతిభ’ అని రాసుకున్న చరిత్ర ఈ సంగతిని అడుగున దాచింది. శతాబ్దాల పాటు చదువు, భూమి, ఆలయం, కచేరీ అన్నిటా ప్రత్యర్థులను బరి బయటే నిలిపి గెలిచినవారి వారసత్వాన్ని ప్రతిభ అంటున్నాం. బరిలోకి ఇప్పుడిప్పుడే అడుగుపెట్టిన కుర్రవాణ్ణి ఓవర్‌రేటెడ్ అంటున్నాం. మంజీర నీళ్లతో పండిన చెరకు ఎవరి పొలంలోది, దాన్ని నరికిన చేతులు ఎవరివి అని అడగకుండా చక్కెర తీపి గురించి మాట్లాడటం లాంటిదే ఇది.

కొందరు మిత్రులు రిజర్వేషన్లను బాక్సింగ్‌లోని బరువు తరగతులతో పోలుస్తారు. 50 కిలోల వ్యక్తిని 90 కిలోల వ్యక్తితో తలపడమనం కదా అంటారు. సదుద్దేశంతో చెప్పినా ఈ పోలిక పొరపాటు. బరువు శరీరానిది. కులం శరీరంలోని కొరత కాదు, బయటినుంచి వేసిన గొళ్లెం. రిజర్వేషన్ తేలికపాటి ప్రత్యర్థిని చూపించదు, గొళ్లెం తీస్తుంది. లోపలికి వచ్చాక పరీక్ష అందరికీ ఒక్కటే. 2022 జనవరిలో వైద్యవిద్య సీట్ల కేసులో, పోటీ పరీక్షలో వచ్చిన మార్కులే ప్రతిభకు సంపూర్ణ ప్రమాణం కావని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కూడా.

ఈ కొలమానం మనవైపు కూడా తిరుగుతుంది. ఛాంపియన్ అయిన జాన్సన్, తనలాంటి నల్లజాతి మేటి బాక్సర్ శామ్ లాంగ్‌ఫోర్డ్‌కు టైటిల్ పోరు ఇవ్వలేదు. తెల్లవారితో పోరులో డబ్బు ఎక్కువ. తలుపు తెరుచుకుని లోపలికి వెళ్లినవాడు దాన్ని వెనుకవారి మీద మూసిన సందర్భమది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో 59 ఎస్సీ కులాలను మూడు వర్గాలుగా విభజించే చట్టం అమల్లోకి వచ్చినప్పుడు మనలో మనకు జరిగిన వాదోపవాదాల్లో ఈ ప్రశ్నే ఉంది. అగ్రవర్ణాలను అడిగిన ప్రశ్నను మనల్ని మనం అడుక్కోకపోతే ఆ ప్రశ్నకు నైతిక బలం ఉండదు.

ఈ ఊరి బిడ్డ నిఖత్ జరీన్ మనకు మంచి పాఠం నేర్పారు. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్స్ లేకుండానే ఆరుసార్లు ప్రపంచ విజేత అయిన మేరీ కోమ్‌ను పంపాలన్న ఆలోచన వచ్చినప్పుడు, నిఖత్ క్రీడల మంత్రికి లేఖ రాశారు. ఆమె అడిగింది టైటిల్ కాదు, ఒక్క ట్రయల్. విమర్శలు వచ్చాయి. ట్రయల్ జరిగింది. ఆమె 9-1తో ఓడిపోయారు. అడిగినందుకు సిగ్గుపడలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ లేకుండా బరిలోకి దిగి, చివరకు స్వర్ణం గెలిచిన చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడినప్పుడు కొందరు ఆమెనూ ఓవర్‌రేటెడ్ అన్నారు. అనవచ్చు. బరిలో ఓడినవారిని అలా అనే హక్కు ప్రేక్షకుడికి ఉంది. ఎవరికీ తలుపు మూయకుండా గెలిచారు కనుక ఆ మాటను తట్టుకునే శక్తీ ఆమెకు ఉంది.

ఆ రోజు చాయ్ హోటల్‌లో నేను చెప్పవలసిన మాట ఇదే: ‘బాబూ, నీ సీటు గురించీ అడుగుదాం, అతని సీటు గురించీ అడుగుదాం. మీ తాతలు ఎవరెవరిని బరి బయట నిలబెట్టి చదువుకున్నారో, అతని తాత ఏ బడి గడప బయట నిలబడ్డాడో కూడా లెక్కలోకి తీసుకుందాం. అప్పుడు చెబుదాం, ఎవరిది ఎక్కువ అంచనాయో.’ తరువాతి సోమవారం ఆ కుర్రవాడు తరగతికి వచ్చి ఎప్పటిలాగే మూడో వరుసలో కూర్చున్నాడు. పాఠం మొదలుపెట్టే ముందు ఈ మాటలు తరగతి అందరి ఎదుటా చెప్పాను. అవమానం నలుగురిలో జరిగినప్పుడు సమాధానమూ నలుగురిలోనే చెప్పాలి.