మాటకు మాట పలుకు రేడియో

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమపై పెనుతుపాను విరుచుకొనిపడెను. సముద్రము ఉప్పెనగా పొంగి ఊళ్ళను ముంచివేసెను. వేలకొలది జనులు అసువులు బాసిరి. స్తంభములు కూలినవి, తీగలు తెగినవి, దారులు మునిగినవి. ఒక ఊరిలో ప్రాణములతో మిగిలినవారెవ్వరో, వారికేమి కావలెనో ప్రక్క ఊరివారికే తెలియలేదు. అప్పుడు నేను ఉన్నత పాఠశాలలో చదువుచుంటిని. ఆకలికన్న, చలికన్న ముందుగా మనుష్యుని క్రుంగదీయునది ‘మా సంగతి ఎవ్వరికిని తెలియదే’ యను దిగులని పెద్దలు చెప్పుకొనగా ఆ దినములలో వింటిని.

ఇరువదియేడు సంవత్సరములు గడచినవి. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీ ఉదయమున భూకంపమును, దాని వెంటనే సునామీయు అండమాను నికోబారు ద్వీపములను అతలాకుతలము చేసినవి. ఫోను సంబంధములు తెగిపోయినవి. ఆ నెల ప్రారంభముననే హైదరాబాదునుండి భారతీ ప్రసాద్ గారి నాయకత్వమున రేడియో ఔత్సాహికుల జట్టొకటి పోర్టుబ్లేరు చేరియుండెను. దేశదేశములవారితో సరదాగా సంభాషించుటయే వారి ఉద్దేశము. కాని ఆపద రాగానే వారు సరదాను ప్రక్కకు నెట్టి, తమ యంత్రములను మరల నెలకొల్పి, ద్వీపవాసుల క్షేమసమాచారములను ప్రధాన భూభాగమునకు అందజేయసాగిరి. ఒక ఏరియలు, ఒక పెట్టె, కొంత విద్యుచ్ఛక్తి, వీటిని నడుపనేర్చిన మనుష్యులు, ఇంతమాత్రమే వారికున్న సాధనసంపత్తి.

విద్యార్థులారా! ఇట్టి రేడియోనే హామ్ రేడియో అందురు. మనము ఇంటిలో పాటలు వినెడి రేడియో వినుటకే పనికివచ్చును. హామ్ రేడియో విననుగలదు, పలుకనుగలదు. దీనిని లాభాపేక్ష లేక, విద్యాసక్తితో నడుపువారిని ఔత్సాహికులందురు. మన దేశమున 1948లో మధ్యభారతమందలి మౌ పట్టణమున వీరి సంఘము ఏర్పడినది. 1983లో హైదరాబాదునందు జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ స్థాపితమైనది.

అయితే ఆకాశము అందరి సొత్తు. ఎవరికి తోచినట్లు వారు తరంగములను విడిచినచో విమానములకు, ఓడలకు, రక్షకభటులకు ఇబ్బంది కలుగును. కావున ప్రభుత్వపు పరీక్షలో కృతార్థులై, అనుమతి పొందినవారే పలుకవలెను. అనుమతి లేక పలుకుట నేరము. విద్యుచ్ఛాస్త్రపు మూలసూత్రములును, రేడియో నియమములును ఆ పరీక్షకు పాఠ్యాంశములు. ఉత్తీర్ణునకు ఒక సంకేతనామము లభించును. భారతీయుల సంకేతనామములు సాధారణముగా ‘వి.యు.’ అను అక్షరములతో ప్రారంభమగును. ఈ రేడియోపై వ్యాపారము చేయరాదు, పాటలు ప్రసారము చేయరాదు, రహస్యభాష వాడరాదు.

కొంతకాలము క్రిందట నా పూర్వశిష్యుడొకడు ఈ పరీక్షలో నెగ్గి, మిఠాయి పొట్లముతో మా యింటికి వచ్చెను.

“మాస్టారూ! అన్నిటికంటె శక్తిగల పెట్టె ఏదో చెప్పండి. అదే కొంటాను” అనెను.

“అబ్బాయీ! పెట్టె సంగతి తరువాత. నీవు ఎవరితో మాటాడదలచినావో ముందది చెప్పు” అంటిని.

“అనంతపురంలో మా మామయ్య ఉన్నారండి. ఆయనకూ అనుమతి ఉంది. ఇక్కడికి మూడువందల కిలోమీటర్లు దాటుతుంది.”

యంత్రమును ఎన్నుకొనువాడు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న ఇదియే. ఎవరితో? ఎంత దూరము? దీనిని బట్టియే తరంగమును ఎన్నుకొనవలెను.

ఔత్సాహికులకు కేటాయింపబడిన తరంగములలో రెండు జాతులను మీరు తెలిసికొనుడు. ఒకటి హ్రస్వతరంగములు. 7 మెగాహెర్ట్జుల ప్రాంతమందలి తరంగము వీటిలో చేరినది. ఇది ఆకాశమున నూరు కిలోమీటర్లకు పైబడిన ఎత్తునగల అయానుల పొరనుండి క్రిందికి మరలివచ్చును. పగటివేళ వందలకొలది కిలోమీటర్ల దూరమునకును, రాత్రివేళ అంతకు మిక్కిలి దూరమునకును పోగలదు. రెండవది 144 మొదలు 146 మెగాహెర్ట్జులవరకు గల తరంగము. ఇది సాధారణముగా పైపొరనుండి మరలిరాదు. చూపువలె తిన్నగా సాగును. కావున దీనికి ఎత్తే బలము. ఏరియలు ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును కనుగొని, 4.1 చేత హెచ్చించినచో అది ఎన్ని కిలోమీటర్లు చూడగలదో రమారమి తెలియును. చేతిలో ఒకటిన్నర మీటరు ఎత్తున పట్టుకొన్న పెట్టె 5 కిలోమీటర్లు చూచును. 9 మీటర్ల ఎత్తున నిలిపిన ఏరియలు 12 కిలోమీటర్లు చూచును. ఇరువైపుల 9 మీటర్ల ఏరియళ్ళున్నచో రెండు చూపులును కలిసి 24 కిలోమీటర్లకు పైగా మాట సాగును. కొండపై నిలిపిన పునఃప్రసార యంత్రము సాయపడినచో ఇంకను దూరము పోవచ్చును.

ఊరిలోని మిత్రులతో మాటాడువానికి చేతిపెట్టె చాలును. మూడువందల కిలోమీటర్ల దూరమున మామయ్య యున్నవానికి హ్రస్వతరంగపు పెట్టె కావలెను.

ఇక పెట్టె. వినుటయు, పలుకుటయు ఒకే పెట్టెలో అమరియున్నదానిని ట్రాన్సీవరు అందురు. కొనునప్పుడు ఎంత గట్టిగా అరచునో కాదు, ఎంత చక్కగా వినునో చూడవలెను. ప్రక్క ప్రక్కనే ఇద్దరు మాటాడుచున్నప్పుడు ఒకనిని విడదీసి వినిపించుటయే మంచి పెట్టె లక్షణము. వాడిన పెట్టెను తక్కువ వెలకు కొనుట తప్పు కాదు. కాని దానిని పనిచేయించి చూడక సొమ్ము చెల్లింపరాదు. మీటలన్నియు తిరుగుచున్నవా? పంపునప్పుడు శక్తిమాపకము సరియైన విలువను చూపుచున్నదా? పది నిమిషములు వినినను తరంగము జారిపోక నిలుచుచున్నదా? అనుభవజ్ఞుడైన పెద్దను వెంటబెట్టుకొనిపోయి వీనిని పరీక్షింపవలెను.

తరువాతిది విద్యుచ్ఛక్తి. ఈ పెట్టెలలో పెక్కింటికి 13.8 వోల్టుల ఏకముఖ విద్యుత్తు కావలెను. 100 వాట్లు పంపెడి పెట్టె పలుకునప్పుడు సుమారు 20 ఆంపియర్లు లాగును. ఇచ్చట సన్నని తీగ వాడినచో ఏమగును? తీగకు ఒక ఓములో పదవవంతు నిరోధమున్నను 20 ఆంపియర్లకు 2 వోల్టులు తీగలోనే హరించిపోవును. పెట్టెకు 11.8 వోల్టులే అందును, మాట వణకును. కావున తీగ లావుగను, పొట్టిగను ఉండవలెను. తగిన ఫ్యూజు తప్పక ఉండవలెను. తుపాను రాత్రి కరెంటు పోయినప్పుడు పనికివచ్చుటకు ఒక బ్యాటరీని ఎల్లప్పుడు నింపి ఉంచుకొనుట బుద్ధిమంతుల లక్షణము.

నా శిష్యుడు ఇవియన్నియు వినెను, వినియు తొందరపడెను. దాచుకొనిన సొమ్మంతయు పెట్టి 100 వాట్ల క్రొత్త పెట్టెను కొనివైచెను. ఏరియలుకు సొమ్ము మిగులలేదు. ఇంటిలో దొరికిన ముక్కతీగను గదిలో కిటికీ ఊచలమీదుగా మడచి వ్రేలాడదీసి, మూడుదినములు పిలిచెను. ఒక్కరును పలుకలేదు. నాలుగవనాడు ముఖము చిన్నబుచ్చుకొని నా యొద్దకు వచ్చి, “మాస్టారూ, పెట్టె మోసం చేసిందండి” అనెను. నేను కొలతటేపు తీసికొని అతనివెంట నడచితిని.

ఏరియలు రేడియోకు చెవియు, నోరును కూడ. అది సరిగా లేనిచో ఎంత వెలగల పెట్టెయైనను చెవిటిది, మూగది. సులభమైన ఏరియలు రెండు సమానమైన తీగచేతులు గలది. దానిని డైపోలు అందురు. దాని పొడవు తరంగములో సగముండవలెను. 300ను మెగాహెర్ట్జుల సంఖ్యచే భాగించినచో తరంగపు పొడవు మీటర్లలో వచ్చును. 7.1 మెగాహెర్ట్జులకు ఇది 42 మీటర్లకు పైచిలుకు. సగము 21 మీటర్లు. తీగలో నూటికి అయిదు పాళ్ళు తగ్గింపవలెను గనుక 20 మీటర్లు. అనగా ఒక్కొక్క చేయి 10 మీటర్లు. మొదట కొంచెము పొడవుగనే కోయుట మేలు. పొడవైన తీగను తగ్గింపవచ్చును; పొట్టిదైనదానిని పెంచుట కష్టము.

మేము రాగితీగను కొలిచి, కొనలకు పింగాణి బిళ్ళలు కట్టి, నైలాను త్రాళ్ళతో డాబాపై నాటిన వెదురుకును, పెరటిలోని కొబ్బరిచెట్టునకును నడుమ సాగదీసితిమి. సమీపమున కరెంటు తీగ ఏదియు లేదని ముందుగనే చూచుకొంటిమి. విద్యుత్తు ప్రవహించు తీగకు మీదుగాగాని, క్రిందుగాగాని, పడినచో తగులునంత దగ్గరగాగాని ఏరియలు కట్టుట ప్రాణాపాయకరము. ఈ మాట ఎన్నడును మరువకుడు.

ఏరియలునుండి పెట్టెవరకు వచ్చునది కోయాక్సియలు కేబులు. 50 ఓముల కేబులును ఔత్సాహికులు వాడుదురు. ఇందును లోభము పనికిరాదు. 145 మెగాహెర్ట్జులవద్ద 30 మీటర్ల సన్నని కేబులులో పంపిన శక్తి నాలుగింట మూడుపాళ్ళు వేడియై నశించును. 5 వాట్లు పంపినచో ఒకటింబావు వాటే ఏరియలు చేరును. 7 మెగాహెర్ట్జులవద్ద ఈ నష్టము చాల తక్కువ. ఏ తరంగమునకైనను కేబులు కొనలయందలి అతుకులలో నీరు దిగినచో అంతయు వ్యర్థమగును. నా శిష్యుని కేబులును విప్పి చూడగా ఒకచోట టంకము అతుకనే లేదు. దానిని మరల అతికి, నీరు చొరకుండ టేపు చుట్టితిమి.

చివరకు కొలత. పంపిన శక్తిలో కొంత ఏరియలునుండి వెనుకకు మరలుచుండును. దానిని తెలిపెడి మీటరును ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరందురు. అది 1 చూపినచో మరలినది శూన్యము. 2 చూపినచో నూటికి 11 పాళ్ళు మరలినవి. 3 చూపినచో నాల్గవవంతు మరలినది. అది పెట్టెకు క్షేమము కాదు. మేము మొదట చూచినప్పుడు 7.1 వద్ద మీటరు 2ను మించినది, ఔత్సాహికుల హద్దులోనే అంతకంటె క్రిందికి దిగినకొలది తక్కువ చూపినది. దీనిని బట్టి తీగ పొడవెక్కువయని గ్రహించితిమి. రెండుచేతులను సమానముగా కొంచెము కొంచెముగా తగ్గించుచు పోగా, 7.1 వద్ద మీటరు ఒకటింబావుకు దిగెను.

ఉదయము తొమ్మిదిగంటలైనది. శిష్యుడు పెట్టెయొద్ద కూర్చుండెను, మైకు అందుకొనబోయెను. “ముందు విను” అంటిని. మంచి ఔత్సాహికుడు ముందుగా విని, ఆ స్థానమున మరెవ్వరును మాటాడుటలేదని తెలిసికొని, “ఈ స్థానము ఖాళీగా ఉన్నదా?” అని అడిగి, ఆ పిమ్మటనే తన సంకేతనామము చెప్పి పిలుచును. అక్షరములు స్పష్టముగా తెలియుటకు ‘వి’ అనుటకు విక్టర్ అనియు, ‘యు’ అనుటకు యూనిఫాం అనియు పలుకును. ఎదుటివాని మాట స్పష్టతకు అయిదులోపల, బలమునకు తొమ్మిదిలోపల అంకెలిచ్చును. సమయమును, తరంగమును, సంకేతనామమును పుస్తకములో వ్రాసికొనును.

శిష్యుడు వినెను, అడిగెను, పిలిచెను. ఒక నిమిషము గాలిహోరు తప్ప ఏమియు లేదు. మరల పిలిచెను. అంతట హోరులోనుండి ఒక గొంతు వెలువడెను.

“ఎవరు? మా అల్లుడేనా? స్పష్టత అయిదు, బలం తొమ్మిది! మూడురోజులుగా ఈ వేళకే కాచుకొని కూర్చున్నానురా. నువ్వు పిలుస్తున్నావని నాకేం తెలుసు?”

శిష్యుని కన్నులు చెమర్చినవి. కొన్ని క్షణములు మైకు మీట నొక్కుటయు మరచెను. సంభాషణము ముగిసిన పిదప అతడు నా వైపు తిరిగి, “మాస్టారూ, పెట్టె మోసం చేయలేదండి. నేనే దానికి నోరివ్వలేదు” అనెను.

నాటినుండి అతడు పాటించుచున్న నియమములు మీకును పనికివచ్చును. ఉరుములు వినబడకముందే కేబులును పెట్టెనుండి విడదీయవలెను; ఉరుములు వినబడిన పిమ్మట దానిని ముట్టరాదు. కావున అతడు మేఘము కమ్ముచుండగనే ఆ పని ముగించును. పలుకునప్పుడు ఏరియలును ఎవ్వరును తాకకుండ చూచును. పెట్టెకు భూసంధానము చేసియున్నాడు. వారమునకొకసారి బ్యాటరీని పరీక్షించును. నెలకొకసారి కరెంటు ఆపివేసి, బ్యాటరీతోనే మామయ్యను పిలిచి చూచును. “కరెంటున్నప్పుడు ఎవరైనా మాట్లాడతారండి. లేనప్పుడే కదా మన అవసరం!” అనును.

బాలబాలికలారా! మీలో కొందరికైనను ఈ విద్యపై ఆసక్తి కలుగునని తలంతును. ముందుగా సమీపమున అనుమతి గల పెద్దల యొద్దకు పోయి వారి ప్రక్కన కూర్చుండి వినుడు. పరీక్షకు చదువుడు. తరువాత మీరు చేరదలచిన దూరమును తెలిసికొని, దానికి తగిన తరంగమును, తరంగమునకు తగిన ఏరియలును, ఏరియలుకు తగిన కేబులును, చివరకు మీ శక్తికొలది పెట్టెను సమకూర్చుకొనుడు. తుపానురాత్రి తీగలన్నియు తెగిపడినప్పుడు, ‘మా సంగతి ఎవ్వరికిని తెలియదే’ యని ఒక ఊరు దిగులుపడుచున్నప్పుడు, ‘తెలిసినది, సాయము వచ్చుచున్నది’ అని చెప్పగల గొంతు మీది కావచ్చును.